ఆర్చిబిషప్ ఎడమ చెయ్యి

గోడౌన్ లోపలికి అడుగుపెట్టగానే జాబేజ్‌కు కనిపించింది రక్తం. టైల్స్ పెట్టెల వెనక నుంచి సన్నని పాయలా పాకుతూ వచ్చి అతని బూటు ముందు ఆగింది.

2006 మార్చి, బుధవారం మిట్టమధ్యాహ్నం. రియాద్ శివార్లలోని సులైలో జొహర్ నమాజ్ వేళ. షట్టర్లన్నీ దిగిపోయి ఉన్నాయి. ఈ ఒక్క షట్టరే మోకాలెత్తున తెరిచి ఉంది. పది నిమిషాల కిందట ధర్మరాజు మిస్డ్ కాల్ ఇచ్చాడు. ఒకసారి మోగి ఆగితే మామూలు కబురు. మూడుసార్లు మోగితే డేంజర్. ఇవాళ ఫోన్ మూడుసార్లు మోగింది.

జాబేజ్‌కు ముప్పై నాలుగేళ్లు. సొంతూరు నరసాపురం. ఇకామాలో, అంటే ఇక్కడి నివాస అనుమతి కార్డులో, ఉద్యోగం ఎక్స్-రే మెషిన్ల సర్వీస్ ఇంజనీర్ అని ఉంటుంది. ఆ పని కూడా బాగానే చేస్తాడు. జీతం వేరే పని చేసినందుకు ఢిల్లీ నుంచి వస్తుంది.

పెట్టెల వెనక్కి వంగబోతుండగా మెడ చుట్టూ సన్నని తీగ పడింది.

ఊపిరి ఆగిపోయింది. వెనకవాడు మోకాలు నడుముకు ఆనించి తీగను బలంగా లాగుతున్నాడు. కళ్ల ముందు నల్లటి చుక్కలు. జాబేజ్ చెయ్యి టూల్ బ్యాగులోకి వెళ్లింది. అందిన పొడుగాటి స్క్రూడ్రైవర్‌ను వెనక్కి, కిందికి పొడిచాడు. అది తొడలో పిడి దాకా దిగింది. తీగ సడలింది. ఆ మనిషి కుంటుతూ వెనక్కి జరిగి నడుము దగ్గర పిస్టల్ అందుకున్నాడు. జాబేజ్ భుజంతో పెట్టెల దొంతరను తోశాడు. అరటన్ను టైల్స్ ఒక్కసారిగా వాడి మీద కూలాయి. ఎముకలు విరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ధర్మరాజు ఇంకా బతికే ఉన్నాడు. గోడకు ఆనుకుని, రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకున్నాడు. పాలకొల్లు మనిషి. పన్నెండేళ్లుగా ఇదే గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. రెండేళ్లుగా జాబేజ్‌కు కళ్లూ చెవులూ అతనే.

"జాబేజూ... మెడికల్ సామాను పెట్టెలో తుపాకీ వచ్చిందిరా. దాంతోపాటు ఇదీ." చొక్కా లోపల నుంచి రక్తంతో తడిసిన పుస్తకం తీశాడు. "శనివారం... హుఫూఫ్... ఆర్చిబిషప్‌ని లేపేస్తారంట."

"మాట్లాడకన్నా. అంబులెన్స్ పిలుస్తాను."

"ఎందుకురా. మణికి... ఎవడో ఫోన్‌లో చెప్తే తట్టుకోలేదు. నువ్వెళ్లి చెప్పు."

చెప్పాల్సింది చెప్పేశాక అతని చేతులు పొట్ట మీద నుంచి జారిపోయాయి. జాబేజ్ ఆ కళ్లు మూశాడు. పెట్టెల కిందివాడి పిస్టల్ తీసుకున్నాడు. బయటికి వచ్చి ఒక నంబరుకు ఫోన్ చేశాడు.

"మేడమ్, ట్యూబ్ కాలిపోయింది."

అంటే, మన మనిషి పోయాడని.

* * *

కామేశ్వరి రియాద్‌లోని భారత రాయబార కార్యాలయంలో విద్యా వ్యవహారాలు చూసే ఆఫీసర్. బల్ల మీద స్కూళ్ల సిలబస్ ఫైళ్లుంటాయి. సౌదీలో పనిచేసే ఏజెంట్లందరికీ ఆవిడే కంట్రోలర్ అన్న సంగతి ఆ భవనంలో ఇద్దరికే తెలుసు.

ఆవిడ చేతులకు గ్లవ్స్ వేసుకుని పుస్తకం తెరిచింది. 'దోం జెరోనిమో: ఒక ఆర్చిబిషప్ జీవితం.' రచయిత పేరు ఎస్. లాజర్.

"ప్రొఫెసర్ లాజర్. మూడు దేశాల పాస్‌పోర్టులు. ఒకప్పుడు యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవాడు. ఇప్పుడు డబ్బులకు మనుషుల్ని చంపించే రింగ్ నడుపుతున్నాడు. పైకి మాత్రం అల్ ఖోబర్‌లో మెడికల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ ఓనర్. ఈ పుస్తకం సొంతంగా అచ్చేయించుకున్నాడు. బయట ఎక్కడా దొరకదు. వాడి మనుషులకిది కోడ్ బుక్."

"టార్గెట్ ఎవరు మేడమ్?"

"అచ్యుతరామయ్య గారు. మన పెట్రోలియం సలహాదారు. శనివారం హుఫూఫ్‌లో ఇరవై ఏళ్ల చమురు ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పడకూడదని ఎవరో లాజర్‌కు కాంట్రాక్ట్ ఇచ్చారు. ఆయన్నే వాళ్లు ఆర్చిబిషప్ అంటున్నారు. జాహెదా నిన్న ఒక్క మాట పంపింది: హోర్ముజ్."

జాహెదా పేరు వినగానే జాబేజ్ ముఖం చిట్లించాడు. హైదరాబాద్ యాకుత్‌పురా అమ్మాయి. లాజర్ కంపెనీలో పీఆర్ మేనేజర్. నాలుగు నెలలుగా డబుల్ ఏజెంట్.

"ఆవిణ్ణి నమ్మొచ్చా?"

"అటు వాడికి మన సంగతులు చెప్తుంది, ఇటు మనకు వాడి సంగతులు చెప్తుంది. ఎవరికి ఎక్కువ చెప్తోందో నాకింకా తేలలేదు. నువ్వు తేల్చు." పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది. "తొమ్మిదో అధ్యాయం పేరు హోర్ముజ్. దారిలో చదువుకో. మీ మతంవాడేగా, త్వరగా అర్థమవుతుంది."

"మాది బ్రదరన్ సంఘం మేడమ్. మాకు బిషప్పులుండరు."

"ముందు మన ఆర్చిబిషప్‌ని ఎలాగైనా బతికించు. తర్వాత సంఘం సంగతి చూద్దాం."

* * *

శుక్రవారం పొద్దున్న హుఫూఫ్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, న్యూస్‌పేపర్ చాటున జాబేజ్ ఆ పుస్తకం చదివాడు. కోడ్ కోసం మొదలుపెట్టినవాడు కాసేపటికి కోడ్ సంగతే మర్చిపోయాడు.

జెరోనిమో పోర్చుగల్‌లో చెప్పులు కుట్టేవాడి కొడుకు. పదహారేళ్లకు మఠంలో చేరాడు. 1597లో గోవా ఓడ ఎక్కాడు. దారిలో జ్వరాలు తగిలి సగం మంది పోయారు. శవాలకు గుడ్డ చుట్టి సముద్రంలో వదిలే పని ఆయనకే పడింది. గోవాలో దిగాక కొంకణి నేర్చుకుని ఆసుపత్రిలో రోగుల మంచాల మధ్యే కాపురం పెట్టాడు. నలభై ఒకటో ఏట ఆర్చిబిషప్‌ను చేశారు. పట్టు అంగీ, ఉంగరం, పల్లకీ వచ్చాయి. పల్లకీని కుంటివాళ్ల కోసం ఆసుపత్రికి పంపేసి వీధుల్లో నడిచే తిరిగాడు. గవర్నర్‌తో గొడవలు పడ్డాడు, పాదిరీల్లో తిండిపోతుల్ని తరిమేశాడు. మొండిఘటం. కోపం వస్తే చేతికర్రతో బల్ల విరగ్గొట్టేవాడట.

1611లో ఆయన హోర్ముజ్ కోటకు తనిఖీకి వెళ్లాడు. అక్కడి కోట కెప్టెన్ తీరంలోని జాలర్లను పట్టి బానిసలుగా ఓడలకు అమ్ముతున్నాడు. ఆర్చిబిషప్ ఆదివారం పూట నిండు చర్చిలో కెప్టెన్‌ను పేరుపెట్టి పిలిచాడు. "మనుషుల్ని అమ్మేవాడికి నా చేత్తో రొట్టె పెట్టను" అని వెలివేశాడు. మూడో వారం ఆయన పడవ దిగి మిట్టమధ్యాహ్నం ఎండలో కోట వైపు నడుస్తుండగా, కట్టుబడిలో ఉన్న బురుజు మీది నుంచి తుపాకీ పేలింది. ఆర్చిబిషప్ నేలకూలాడు.

తొమ్మిదో అధ్యాయం అక్కడితో అయిపోయింది. చివరి అధ్యాయం పేజీలు ధర్మరాజు రక్తంలో నాని, ఎండి, అట్టలా అతుక్కుపోయాయి. జాబేజ్‌కు వాటిని విడదీయ బుద్ధి కాలేదు.

మధ్యాహ్నం, కట్టుబడిలో ఉన్న భవనం, దూరం నుంచి తూటా. ప్లాన్ అర్థమైందనుకున్నాడు.

ధర్మరాజు భార్య మణి హుఫూఫ్‌లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో స్టాఫ్ నర్సు. ఎక్స్-రే రూమ్ తలుపు మూసి, జాబేజ్ చెప్పాల్సింది చెప్పాడు. ఆమె అరవలేదు. ఎక్స్-రే టేబుల్ అంచు పట్టుకుని నిలబడింది.

"పొడిచారా?" అంది.

"అవును వదినా."

"బాధపడ్డాడా?"

జాబేజ్ అబద్ధం ఆడబోయి ఆడలేకపోయాడు. "పడ్డాడు. చివరి మాట నీ గురించే."

మణి ముంజేత్తో కళ్లు గట్టిగా రుద్దుకుంది. "రేపు నాకు డ్యూటీ ఉంది. ఎవరో పెద్దాయన హుఫూఫ్ వస్తున్నాడని వీఐపీ గది సిద్ధం చేయమన్నారు. నన్ను సెలవు పెట్టమనకు జాబేజూ. రూములో ఒక్కదాన్నీ కూర్చుంటే నాకు పిచ్చెక్కుద్ది."

జాబేజ్ తన చొక్కాకున్న డోసిమీటర్ బ్యాడ్జ్ తీశాడు. ఎక్స్-రే మనుషులు రేడియేషన్ కొలుచుకోవడానికి పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ బిళ్ల. ఇతని దాంట్లో ఫిల్ముకు బదులు ట్రాన్స్‌మిటర్ ఉంది, రేంజ్ రెండు కిలోమీటర్లు.

"ఇది పెట్టుకో. నువ్వు మాట్లాడేది నాకు వినపడుద్ది."

* * *

శనివారం పదకొండున్నరకు హుఫూఫ్ పాతకోట ముందు నల్ల జీఎంసీ ఆగింది. స్టీరింగ్ దగ్గర డ్రైవర్ వేషంలో జాబేజ్. మీసం తీసేశాడు, బూడిదరంగు సఫారీ, నెత్తిన టోపీ. వెనక సీట్లో అబాయాలో జాహెదా. కాటుక కళ్లు, ఖరీదైన అత్తరు.

"కాల్చేటోడు యాడున్నడో నాకు జెప్పలే," అంది ఆమె. "లాజర్ ఎవ్వనికీ సగం కంటె ఎక్కువ జెప్పడు."

"నువ్వూ అంతేగా."

"నేను సగం జెప్పవట్టే నువ్వీడికి వచ్చినవ్, జాబేజ్ సాబ్."

కోటకు ఎదురుగా నాలుగంతస్తుల భవనం కడుతున్నారు. పనివాళ్లు లేరు. మూడో అంతస్తులో మాత్రం ఒక టార్పాలిన్ కదిలింది.

జాబేజ్ కారు దిగి పరిగెత్తాడు. రెయిలింగ్ లేని మెట్లు మూడేసి చొప్పున ఎక్కాడు. టార్పాలిన్ పక్కకు లాగేసరికి బట్టతల మనిషి ఒకడు రైఫిల్ మీద వాలి ఉన్నాడు. కింద కోట గుమ్మంలో అచ్యుతరామయ్య తెల్ల చొక్కాలో, ఎవరికో నమస్కారం పెడుతున్నారు.

జాబేజ్ దూకాడు. తుపాకీ పేలింది. కింద కేకలు.

ఇద్దరూ కాంక్రీటు మీద దొర్లారు. బట్టతలవాడు రైఫిల్ మడమతో జాబేజ్ కుడి మణికట్టు మీద కొట్టాడు. ఎముక పటుక్కుమంది. పిస్టల్ జారి కిందికి పడిపోయింది. రెండో దెబ్బ తలకు గురిపెట్టి వస్తుంటే జాబేజ్ పక్కకు తప్పుకుని, రెండు కాళ్లతో వాడి పొట్టలో తన్నాడు. వాడు వెనక్కి తూలి స్లాబ్ అంచు దాటి, కింది అంతస్తులో నిలువుగా పైకి లేచిన ఇనుప చువ్వల మీద పడ్డాడు.

జాబేజ్ దిగి వచ్చేసరికి రెండు చువ్వలు వాడి ఛాతీలోంచి బయటికి వచ్చి ఉన్నాయి. వాడు నవ్వుతున్నాడు. పళ్లన్నీ రక్తం.

"సరిగ్గా గురి చూడనివ్వలేదు కదూ?" అన్నాడు జాబేజ్ ఇంగ్లిష్‌లో.

"నేను గురి తప్పలేదు," అన్నాడు వాడు. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది.

జాబేజ్ పిస్టల్ వెతికి పట్టుకుని తూలుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. జాహెదా ముందు సీటు పక్కన నిలబడి ఉంది.

"పెద్దమనిషికి ఎడమ చేతికి తగిలింది. కండ లేచింది, అంతే. అంబులెన్సుల కూసోబెట్టుకొని పోయిన్రు. బచాయించినవ్ పో!"

ఎడమ చెయ్యి. గురి తప్పలేదు. జాబేజ్ కవర్లోంచి పుస్తకం లాగి, జేబుకత్తితో రక్తం కట్టిన పేజీలను ఎడంచేత్తో ఒక్కొక్కటే విడదీశాడు. సగం అక్షరాలు పోయాయి. మిగిలినవి చాలు.

ఆర్చిబిషప్ బురుజు తూటాకు చావలేదు. అది ఎడమ చెయ్యి చర్మాన్ని గీసుకుపోయిందంతే. కెప్టెన్‌కు కావలసింది కూడా అంతే. నమ్మకస్తులైన కాపలాదార్లు చుట్టూ ఉన్న మనిషి దగ్గరికి విషం చేరదు. గాయం తగిలితే వైద్యుడి దగ్గరికి ఆ కాపలాదార్లే మోసుకొస్తారు. కోట వైద్యుడు కట్టు గుడ్డలో విషం పూశాడు. మూడో రోజున ఆర్చిబిషప్ పోయాడు. కట్టు మంట పుడుతున్నప్పుడే ఆయనకు అర్థమైందట. వైద్యుడి చెయ్యి పట్టుకుని, "నిన్ను భయపెట్టింది ఎవరో నాకు తెలుసు, నిన్ను క్షమించాను" అన్నాడట.

"క్లినిక్!" అరిచాడు జాబేజ్. "తుపాకీ నాటకం. అసలు హత్య క్లినిక్‌లో!"

కారు తలుపు తీయబోతే విరిగిన మణికట్టు నొప్పితో ప్రాణం తీసింది. ఎడంచేత్తో పిస్టల్ జాహెదా గుండెకు గురిపెట్టాడు.

"నీకు తెలుసు."

"తెల్వదు." అంది ఆమె. "లాజర్‌కు నామీద అనుమానమొచ్చింది. అందుకే హోర్ముజ్ ముక్క నా చెవిల ఏసిండు. నేను మీకు జెప్తనని వానికి ఎరికే. మీరంత ఈడికొస్తె ఆడ క్లినిక్ ఖాళీ ఉంటది. నన్ను గుడ వాడుకున్నడు కుక్క." అతని ముంజేతి కేసి చూసింది. "నువ్వు బండి నడపలేవు. కాలుస్తవా, తాళాలిస్తవా?"

జాబేజ్ తాళాలిచ్చాడు.

ఈ దేశంలో ఆడవాళ్లు బండి నడపకూడదు. జాహెదా డ్రైవర్ టోపీ నెత్తిన పెట్టుకుని, నల్ల గుడ్డ ముఖానికి చుట్టుకుని, జీఎంసీని రాంగ్ రూట్లో నూట ఇరవై మీద ఉరికించింది. ఖర్జూరాల ట్రక్కు ఒకటి తప్పుకోలేక కాలవలోకి దిగింది. క్లినిక్ దగ్గరపడుతుంటే కామేశ్వరికి చేసిన ఫోన్ తగల్లేదు. క్లినిక్ చుట్టూ ఎవరో జామర్ పెట్టినట్టున్నారు. జేబులోని రిసీవర్ మాత్రం రెండు కిలోమీటర్ల దగ్గరికి రాగానే గరగరమని ప్రాణం పోసుకుంది. దాని ఫ్రీక్వెన్సీ వేరు.

మణి గొంతు, ఇంగ్లిష్‌లో: "డాక్టర్, చేతికి కుట్లు వేస్తే చాలు కదా. ఐవీ ఎందుకు?"

ఒక మగగొంతు, మెత్తగా: "షాక్ రాకుండా, సిస్టర్. నేను ఖోబర్ నుంచి వచ్చిన స్పెషలిస్టును. గార్డులు బయట ఉండండి, ఇన్‌ఫెక్షన్ వస్తుంది."

తలుపు మూసుకున్న చప్పుడు.

"లాజర్!" అంది జాహెదా. యాక్సిలరేటర్ నేలకంటా తొక్కింది.

"డాక్టర్, అది పొటాషియం." మణి గొంతు ఈసారి గట్టిగా. "దాన్ని నేరుగా ఎక్కించరు. గుండె ఆగిపోతుంది."

చెంపదెబ్బ. ట్రే పడిన చప్పుడు. అచ్యుతరామయ్య తెలుగులో, "ఏమిటిది? ఏం జరుగుతోందమ్మా?"

జీఎంసీ క్లినిక్ వెనక గేటును గుద్ది లోపలికి దూసుకుపోయింది. గార్డుల్ని ముందు హాల్లోకి పంపేసినట్టున్నారు. కారిడార్ చివర జాబేజ్‌ను లాజర్ మనిషి ఒకడు అడ్డుకున్నాడు, చేతిలో కత్తి. మాటల్లేకుండా జాబేజ్ రెండుసార్లు కాల్చాడు. గోడ మీద రక్తం చిమ్మింది. వాడు పడకముందే అతను దాటిపోయాడు. తలుపును భుజంతో గుద్దాడు.

మంచం మీద ముసలాయన, మోచేతి దాకా కట్టు, ఇంకో చేతికి ఐవీ ట్యూబు. ఆకుపచ్చ గౌనులో పొడుగాటి మనిషి. అతని ఎడమ చేతిలోని స్కాల్పెల్ మణి మెడ మీద. కుడిచేతిలోని సిరంజి అప్పటికే ట్యూబులో గుచ్చి ఉంది. బొటనవేలు ప్లంజర్ మీద.

"తుపాకీ పడెయ్," అన్నాడు లాజర్. "చివరి అధ్యాయం చదివావన్నమాట. ఆ వైద్యుడి ఉత్తరం కోసం లిస్బన్‌లో ఆరేళ్లు వెతికాను. ఇంత అందమైన హత్య చరిత్రలో మరొకటి లేదు."

జాబేజ్ పిస్టల్ కింద పెట్టాడు. మణి అతని వైపు చూసింది. మెడ మీద ఎర్రటి గీత, దాంట్లోంచి రక్తం బొట్లు.

"జాబేజూ, మీ అన్నని చంపించింది వీడేనా?" అని తెలుగులో అడిగింది.

"వీడే వదినా."

లాజర్ బొటనవేలు నొక్కింది.

మణి తన మెడను కత్తికే వదిలేసి ముందుకు పడింది. రెండు చేతులతో ఐవీ ట్యూబును మడిచి నలిపి పట్టుకుని, సూదితో సహా పీకేసింది. ముసలాయన చేతిలోంచి రక్తం ఎగజిమ్మింది. విషం దుప్పటి మీద చిమ్మింది. లాజర్ బూతు తిడుతూ స్కాల్పెల్ ఎత్తాడు. జాబేజ్ విరిగిన చేతినే అడ్డం పెట్టాడు. స్కాల్పెల్ ముంజేతిలో ఎముకకు తగిలి ఆగింది.

తుపాకీ మూడుసార్లు మోగింది.

తలుపు దగ్గర జాహెదా. అబాయా కింద ఇన్నాళ్లూ దాచిన చిన్న రివాల్వర్ రెండు చేతుల్లో ఉంది. లాజర్ గౌను మీది మూడు రంధ్రాల కేసి నమ్మలేనట్టు చూసుకున్నాడు. పుస్తకంలో ఇలా లేదన్నట్టు నోరు తెరిచి, మంచం కోడు పట్టుకుని, కిందికి జారిపోయాడు.

మణి అప్పటికే పేషెంట్ చేతి మీద దూది అదిమి పెట్టి పట్టుకుంది. తన మెడ నుంచి కారుతున్న రక్తం సంగతి జాబేజ్ చెప్తే గానీ ఆమెకు తెలియలేదు. గాయం పైపైనే. ఇంకో అర అంగుళం లోతుకు దిగితే ఆమె కూడా దక్కేది కాదు.

* * *

సాయంత్రం నాలుగింటికి అచ్యుతరామయ్య ఒప్పందం మీద సంతకం పెట్టారు. పేపర్లో ఫోటో పడింది. కారు తలుపులో చెయ్యి నలిగిందని కింద రాశారు.

పది రోజుల తర్వాత ధర్మరాజు శవపేటికతో మణి విమానం ఎక్కింది. కాగితాలన్నీ కామేశ్వరి దగ్గరుండి కదిలించింది. ఎయిర్‌పోర్టులో జాబేజ్ ఆర్చిబిషప్ కథంతా చెప్పాడు. చెప్పకపోతే మోసం చేసినట్టనిపించింది.

మణి చివరిదాకా విన్నది.

"తనని చంపినోణ్ణి క్షమించాడంటే మహానుభావుడే," అంది. "నేను క్షమించలేదు జాబేజూ. దేవుడికి నేనే చెప్పుకుంటాలే."

చేతికి పిండికట్టుతో జాబేజ్ అక్కడి నుంచి నేరుగా కామేశ్వరి ఆఫీసుకు వెళ్లాడు. జాహెదా కుర్చీలో కూర్చుని ఉంది. ముందు చల్లారిపోయిన టీ, ఆమె ముఖంలో మొదటిసారి దిగులు.

"ఏమైంది? ఆవిడ ఎవరి మనిషో తేలిపోయిందిగా మేడమ్. ఇంకా ఇండియాకు పంపించలేదేం?"

"పంపాలంటే ఎగ్జిట్ వీసా కావాలి," అంది కామేశ్వరి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "ఎగ్జిట్ కావాలంటే ఉద్యోగమిచ్చిన కఫీల్ సంతకం, అంటే కంపెనీ ఓనర్‌ది కావాలి. ఆ సంతకం పెట్టాల్సినవాణ్ణి ఈవిడ మూడుసార్లు కాల్చేసింది."